650 రూపాయల ‘పోచంపల్లి’ ప్రింటు చీర అమ్మితే అది మోసమా?

చీరల గ్రూపు:
నేను ఇంట్లోంచే వాట్సాప్‌లో చీరలు అమ్ముతాను. మొన్న సూరత్ నుంచి వచ్చిన లాటులో ఇక్కత్ (దారానికే రంగులద్ది నేసే పోచంపల్లి నేత) డిజైన్ ప్రింటు వేసిన చీరలు ఉన్నాయి. ఫొటో కింద ‘పోచంపల్లి ప్రింట్, 650 మాత్రమే’ అని రాసి గ్రూపులో పెట్టాను. ఒకావిడ అందరి ముందూ ‘నకిలీ సరుకు అమ్ముతున్నారు, నేతన్నల పొట్ట కొడుతున్నారు’ అని మెసేజ్ పెట్టి వెళ్లిపోయారు. ప్రింట్ అని స్పష్టంగా రాశాను కదా! 650కి చేత్తో నేసిన పట్టుచీర రాదని ఎవరికి తెలియదు? నేనేదో నకిలీ విత్తనాలు అమ్మినట్టు మాట్లాడితే ఎలా? మీరేమంటారో చెప్పండి.

హోల్‌సేల్ బజార్:
మీరేం తప్పు చేయలేదమ్మా. నాకు బట్టల హోల్‌సేల్ ఉంది. నెలకు పది పదిహేను వేలు సంపాదించే ఇంట్లో ఆడవాళ్లకు ఆ డిజైన్ కట్టుకోవాలని ఉండదా? పదివేలు పెట్టి కొనే స్తోమత లేకపోతే ఆ రంగులే చూడకూడదా? ఎవరినీ మోసం చేయనప్పుడు నకిలీ అనే మాట ఎందుకు? ప్రింటు కొనేవాళ్లు వేరు, మగ్గం చీర కొనేవాళ్లు వేరు. ఒకరి బేరం ఇంకొకరికి అడ్డం కాదు.

చిటికి కట్టేవాడు:
మాది పోచంపల్లి పక్క ఊరు. అన్నా, ‘అడ్డం కాదు’ అని ఒక్క మాటలో తేల్చేశారు. ముందు మా పనేంటో చెప్తా, తర్వాత నష్టం ఎక్కడో చెప్తా.

పట్టు దారాన్ని ఆసు (మేకులున్న చట్రం) మీద పోస్తాం. డిజైన్ ప్రకారం గుర్తులు పెట్టుకుని, రంగు ఎక్కడ అంటకూడదో అక్కడ సైకిల్ ట్యూబు రబ్బరు చీలికలతో బిగించి కడతాం. ఒక రంగులో ముంచాలి, ఆరబెట్టాలి, కొన్ని ముడులు విప్పాలి, వేరేచోట మళ్లీ కట్టాలి, ఇంకో రంగులో ముంచాలి. ఇదంతా దారం మగ్గం ఎక్కకముందే. పడుగు (నిలువు దారం), పేక (అడ్డ దారం) రెండూ అలా కట్టినదైతే నేసేటప్పుడు ప్రతి పోగునూ జరుపుకుంటూ రంగు మీద రంగు కూర్చోబెట్టాలి. కాస్త జరిగిందా, ఏనుగు తొండం ఒకచోట, తల ఒకచోట ఉంటాయి.

ఇంత చేసి కొత్త డిజైన్ బయటపెడితే, ఆ పెళ్లిళ్ల సీజన్ అయ్యేలోపే దాని ఫొటో ప్రింటు మిల్లుకు చేరుతుంది. మా చీర కొన్నావిడ ఫంక్షన్‌కి కట్టుకెళ్తుంది. పక్కావిడ ‘నేనూ ఇదే తీసుకున్నా, ఏడొందలే’ అంటుంది. మా చీర కొన్నావిడ ఇక మా డిజైన్ జోలికి రాదు. ప్రింటు కొనేవాళ్లు మా చీర కొనేవాళ్లు కాదు, ఒప్పుకుంటా. మాకు పోయేది కొనేవాళ్లకి మా చీర మీదున్న మోజు.

హోల్‌సేల్ బజార్:
తమ్ముడూ, కష్టం కాదనను. కానీ డిజైన్ మీ సొంతమా? తేలియా రుమాలు, అంటే నూనె పట్టించిన దారంతో నేసే రుమాళ్ల పని చీరాల నుంచి మీ వైపు వచ్చింది. ఆ ఏనుగులు, చిలకలు గుజరాత్‌లో పటాన్ పటోలా అనే పట్టు నేత నుంచి మీ వాళ్లు తీసుకున్నవే. పటాన్ వాళ్లు వచ్చి మిమ్మల్ని నకిలీ అంటే ఏం చెప్తారు?

చిటికి కట్టేవాడు:
తీసుకున్నాం. తీసుకుని ముడి ముడి కట్టి నేశాం. చూసి నేర్చుకుని చేయడం, ఫొటో తీసి మిషన్‌కి ఇవ్వడం రెండూ ఒకటేనా? పైగా మేం ‘పటాన్ పటోలా’ అని బోర్డు పెట్టి అమ్మితే మీరన్నది న్యాయమే. మీ బోర్డు మీద మా ఊరి పేరెందుకుంది అన్నదే నా ప్రశ్న.

కోర్టు మెట్లు:
మీరిద్దరూ రెండు వేర్వేరు హక్కుల గురించి కొట్టుకుంటున్నారు. ఒకటి పేరు, ఇంకోటి డిజైన్. చట్టం రెంటినీ ఒకేలా చూడదు.

పేరు సంగతి. భౌగోళిక గుర్తింపు, అదే జీఐ చట్టం 1999లో వచ్చింది, 2003 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. ఆ తొలి రోజుల్లోనే నమోదైన వాటిలో పోచంపల్లి ఇక్కత్ ఒకటి. అక్కడి చేనేత సహకార సంఘం, టై అండ్ డై పట్టుచీరల తయారీదారుల సంఘం కలిసి తెచ్చుకున్నాయి. ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో తయారైనదాన్నే ఆ పేరుతో పిలవాలి. తప్పుడు జీఐ పేరు తగిలించినా, అలాంటి సరుకు అమ్మినా ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా రాసి ఉంది.

మరి ‘పోచంపల్లి ప్రింట్’ అంటే? ఇక్కడే చిక్కు. కొనేవాళ్లు సరుకు ఎక్కడిదో పొరపాటు పడేలా ఉంటే అది ఉల్లంఘనే. పోచంపల్లిలో ప్రింటు వేశారేమో అని ఎవరైనా అనుకుంటే? వాదించొచ్చు. ‘స్టైల్’, ‘తరహా’ లాంటి మాట పక్కన పెట్టినా తప్పే అనే గట్టి రక్షణ కూడా చట్టంలో ఉంది కానీ, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేసిన సరుకులకే అది వర్తిస్తుంది.

డిజైన్ సంగతి నేతగాళ్లకు చేదుగా ఉంటుంది. జీఐ ఉన్నంత మాత్రాన ఆ గళ్లు, ఆ పువ్వు వాళ్ల సొత్తు అయిపోవు. డిజైన్‌ని 2000 నాటి డిజైన్ల చట్టం కింద విడిగా నమోదు చేసుకోవాలి. పదేళ్లు, ఇంకో ఐదేళ్లు పొడిగింపు. అయితే దరఖాస్తు చేసేనాటికి అది కొత్తదై ఉండాలి. ముందే షాపులోనో ఫేస్‌బుక్‌లోనో పెట్టేస్తే కొత్తదనం పోయినట్టే. కాపీరైట్ ఉంది కదా అంటారా? నమోదుకు వీలున్న డిజైన్‌ని నమోదు చేయకుండా, పారిశ్రామిక పద్ధతిలో 50 మించి కాపీలు తీస్తే కాపీరైట్ కూడా పోతుంది. సీజన్‌కో డిజైన్ మార్చే మగ్గం ఇంట్లో ఈ కాగితాల పని ఎవరు చేస్తారు చెప్పండి?

చీరల గ్రూపు:
అంటే నన్ను జైలుకి పంపుతారా ఏంటి! టెన్షన్ పెడుతున్నారు.

కోర్టు మెట్లు:
అంత దూరం వెళ్లదమ్మా. డీఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారే వారంటు లేకుండా సోదా చేయగలరు. దానికీ ముందు రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. జీఐ రిజిస్ట్రీ ఉన్నది చెన్నైలో. ఈలోగా సరుకు అమ్ముడైపోతుంది, అది వేరే సంగతి. అమ్మేవాళ్లకు ఒక వెసులుబాటు కూడా ఉంది. తగిన జాగ్రత్త తీసుకున్నామని, అనుమానించే కారణం లేదని చూపించి, సరుకు ఎవరి దగ్గర కొన్నారో చెబితే శిక్ష నుంచి బయటపడొచ్చు. అందుకే కొన్న బిల్లు దాచుకోండి.

డాలస్ కోడలు:
నా బాధ వినండి. ఆన్‌లైన్‌లో ఒక షాపులో ‘హ్యాండ్లూమ్ పోచంపల్లి సిల్క్’ అని చూసి పద్నాలుగు వేలు కట్టాను. వచ్చింది చూస్తే ప్రింటు! తిరిగి పంపాలంటే షిప్పింగ్ ఖర్చు నాదేనట. 650 చీర గురించి ఇంత గొడవ ఎందుకు, అసలు దొంగలు వీళ్లు కదా? ఫొటోలో తేడా ఎలా తెలుస్తుంది?

చిటికి కట్టేవాడు:
ఫొటోలో కష్టం అక్కా. వీడియో కాల్‌లో చీర తిరగేసి చూపించమనండి. మా చీరకి లోపలి వైపు, బయటి వైపు రంగు ఒకేలా ఉంటుంది, దారానికే రంగు కాబట్టి. ప్రింటుకి వెనకవైపు వెలిసినట్టు ఉంటుంది. పువ్వు అంచు చూడండి. మాది దారం వెంబడి కొంచెం చెదిరినట్టు ఉంటుంది. గీత గీసినట్టు ఉంటే అనుమానించాలి. ఇప్పుడు ఆ చెదురు కూడా ప్రింటు వేస్తున్నారు, దానికేం తక్కువ లేదు. చీర చేతికొచ్చాక కొంగు చివర ఒక పోగు లాగి, పురి విప్పి చూడండి. రంగు లోపలిదాకా ఉంటే మంచిదే, పైపైన మచ్చల్లా అంటుకుని లోపల తెల్లగా ఉంటే ప్రింటు.

మగ్గం గుంత:
ఒక మాట ఎవరూ అనడం లేదు. పేరు కాపాడితే లాభం ఎవరికి? నేను మాస్టర్ వీవర్ దగ్గర కూలికి నేస్తా. నూలు ఆయనది, డిజైన్ ఆయనది, చీర ఆయనది. రేటు పెరిగినంతగా నా కూలి పెరగదు. డిజైన్ కాపీ అయితే ఆయనకి కోపం వస్తుంది. నాకు మాత్రం అందరి కంటే ముందు పని ఆగిపోతుంది.

చిటికి కట్టేవాడు:
నిజం అన్నా. మరి కాపీ వల్ల పని ఆగుతుందని నువ్వే అంటున్నావు కదా.

పటాన్‌చెరు ఇంజనీరు:
హక్కుల కాగితాలు మన నేతగాళ్లకు కుదరవని అనకండి. ఆసు పోయాలంటే ఒక చీరకి చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి భుజాలు నొప్పి పెడుతుంటే చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశారు. దానికి పేటెంటూ తీసుకున్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అయినా ‘కోర్టు మెట్లు’ గారితో ఒక విషయంలో ఏకీభవిస్తా. యంత్రం ఒకటే, ఒక్కసారి రాసుకుంటే చాలు. చీర డిజైన్లు అలా కావు. వాటికి చేనేత సొసైటీయే గంపగుత్తగా నమోదు చేయించాలి.

హోల్‌సేల్ బజార్:
చేయించమనండి, నేను వద్దన్నానా? నాది ఒకటే పాయింటు. ‘ఇక్కత్ డిజైన్ ప్రింట్’ అని రాస్తే గ్రూపులో ఎవరూ ఆగి చూడరు. ‘పోచంపల్లి’ అని ఉంటేనే చూస్తారు. వ్యాపారం చేసేవాళ్లని అడగండి.

చిటికి కట్టేవాడు:
ఆ పేరు లేకపోతే అమ్ముడు పోదని మీరే చెప్తున్నారు. మరి ఆ పేరుకి మాకేం కడుతున్నారు?

చీరల గ్రూపు:
సరే, మిగిలిన చీరల ఫొటోల కింద ఊరి పేరు తీసేసి ‘ఇక్కత్ డిజైన్, ప్రింట్, సూరత్’ అని మార్చాను. ప్రింటు చీరలు మాత్రం అమ్ముతాను, అందులో నాకు తప్పు కనిపించడం లేదు. అసలైనవి కూడా పెట్టాలని ఉంది. పట్టు నా గ్రూపులో నడవదు. కాటన్‌లో ఏమైనా దొరుకుతాయా?

చిటికి కట్టేవాడు:
దొరుకుతాయి అక్కా. కాటన్ చీరలు, చున్నీలు, డ్రెస్ మెటీరియల్ పట్టు కంటే చాలా తక్కువలో వస్తాయి. సొసైటీలో కొనండి, చేనేత అని కేంద్రం ఇచ్చే హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఉందో లేదో చూడండి, బిల్లులో ‘చేనేత’ అని రాయించుకోండి.

హోల్‌సేల్ బజార్:
సొసైటీ వాళ్లు అప్పు మీద ఇస్తారా? అమ్ముడుపోనివి వెనక్కి తీసుకుంటారా? నేను నెలన్నర గడువు ఇస్తాను, మిగిలినవి మార్చి ఇస్తాను. ఆవిడ లాంటి వాళ్లు నా దగ్గరికి ఎందుకొస్తున్నారో అది కూడా ఆలోచించు తమ్ముడూ.

చిటికి కట్టేవాడు:
అది మాత్రం మా వాళ్లు ఇవ్వలేరు. నూలు కొన్న అప్పే తీరదు. పది పీసులు నేను వాట్సాప్‌లో చూపిస్తా, నచ్చినవాటికే డబ్బులు పంపండి అక్కా. ఫోన్ నంబరు ఇక్కడ వద్దు, మెసేజ్ చేయండి.