మా బాబుని రివరీనా బుల్స్ ట్రయల్స్‌కి పంపమంటారా? ఆండ్రూ జాన్స్ కప్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

అడిగినవారు (వాగ్గా వాగ్గా, ఆస్ట్రేలియా):
నమస్తే అండీ. మా బాబుకి వచ్చే ఏడాది 16 నిండుతాయి. ఇక్కడి క్లబ్బులో రగ్బీ లీగ్ ఆడుతున్నాడు. కోచ్ మా ప్రాంతపు జట్టు రివరీనా బుల్స్ ట్రయల్స్‌కి పేరివ్వమంటున్నారు. మా ఇంట్లో క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు. మావారేమో దెబ్బలు తగిలితే ఎలా అని ఒకటే భయం. వీడు అన్నం ముందు కూర్చున్నా అదే మాట. ఆ జట్టు ఆడే ఆండ్రూ జాన్స్ కప్ ఏంటి, చదువు పాడవుతుందా, కోచ్‌ని ఏమేం అడగాలి?

జవాబు (న్యూకాజిల్ నుంచి ఒక తండ్రి):
ముందు పేరివ్వండి అమ్మా. ఆండ్రూ జాన్స్ కప్ అండర్ 16 పిల్లలది, లారీ డేలీ కప్ అండర్ 18 వాళ్ళది. సిడ్నీ పెద్ద క్లబ్బుల పిల్లలకి హెరాల్డ్ మాథ్యూస్, ఎస్.జి. బాల్ కప్పులు ఎలాగో న్యూ సౌత్ వేల్స్ ఊళ్ళ పిల్లలకి ఇవి అలాగ. మీ బుల్స్, వెస్టర్న్ రామ్స్, మొనారో కోల్ట్స్, గ్రేటర్ నార్తర్న్ టైగర్స్, ఇలా ప్రాంతానికో జట్టు. ఆ కప్పుకి పేరు పెట్టిన పాత ఆటగాడు లారీ డేలీ మీ పక్కనున్న జునీలో పెరిగినవాడే. ఊళ్ళో ఆడే పిల్లలు పెద్ద క్లబ్బులవాళ్ళ కంట పడేది ఎక్కువగా ఇక్కడే.

చదువు గురించి కంగారొద్దు. మ్యాచ్‌లు ఫిబ్రవరి, మార్చిలోనే, క్లబ్ సీజన్ మొదలవకముందే అయిపోతాయి. హెచ్ఎస్‌సీ (పన్నెండో తరగతి పరీక్ష) ఏడాదిలో లారీ డేలీ కప్ అంటే మాత్రం అప్పుడు కూర్చుని మాట్లాడుకోవాలి. ఇప్పటి అసలు కష్టం ఎండ, ప్రయాణం. ప్రాక్టీసు ఇక్కడి నడివేసవిలో (డిసెంబరు, జనవరి) ఉంటుంది, వాగ్గాలో 40 డిగ్రీల రోజులు మీకు తెలిసినవే. ఏ పూట ప్రాక్టీసు, ఎక్కడ, బస్సుందా లేక మనమే దింపాలా, ఇవి ముందే అడగండి.

జవాబు (ఆరెంజ్ నుంచి ఒక ఫిజియోథెరపిస్టు):
మీవారి భయం న్యాయమైనదే. దాన్ని కొట్టిపారేయకండి. విరిగిన వేలు అతుక్కుంటుంది. నేను పట్టుబట్టేది తలదెబ్బ గురించి.

పిల్లవాడు స్పృహ తప్పనక్కర్లేదు. లేవడానికి ఆలస్యం చేసినా, చూపు ఎటో ఉన్నా, అడిగినదానికి నెమ్మదిగా జవాబిచ్చినా ఆ రోజుకి ఆట ముగిసినట్టే. బాగానే ఉన్నానంటాడు, ఆ మాట వినకండి. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మెడనొప్పి, మత్తుగా పడుకోవడం కనిపిస్తే నేరుగా ఎమర్జెన్సీకి. 2024లో ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ చెప్పిన పద్ధతి ప్రకారం ఈ వయసు పిల్లలు లక్షణాలేవీ లేకుండా 14 రోజులు గడిచాకే ఒకరినొకరు ఢీకొనే ప్రాక్టీసుకి వెళ్ళాలి, దెబ్బ తగిలిన రోజు నుంచి కనీసం 21 రోజులు దాటాకే మ్యాచ్ ఆడాలి. ఈ పోటీ సాగేదే కొన్ని వారాలు గనక ఒక్క తలదెబ్బతో సీజన్ పోవచ్చు. పోతే పోనివ్వండి. "మా బాబుకి తల తగిలితే బయటికి పంపే నిర్ణయం ఎవరిది?" అని కోచ్‌ని అడగండి. జవాబులో తడబాటుంటే ఆలోచించండి.

టాకిల్, అంటే బంతి పట్టుకున్నవాణ్ణి పట్టి ఆపడం, ఎలా నేర్పుతున్నారో ఒక సాయంత్రం నిలబడి చూడండి. బంతి పట్టుకున్నవాడి పక్కనుంచి వెళ్ళేటప్పుడు తల వాడి వెనకవైపు ఉండాలి, దారికి అడ్డంగా ముందు పడకూడదు. కళ్ళు తెరిచి, మెడ వంచకుండా, భుజంతో ఆనాలి. అడుగు దగ్గరగా పడకపోతే ఒళ్ళు సాగి, తలే ముందు తగులుతుంది. మౌత్‌గార్డ్ డెంటిస్టు దగ్గర అచ్చు తీయించండి, నోరు తెరిచినా జారకూడదు. మెత్తటి హెడ్‌గేర్ చెవులు చీరుకుపోకుండా కాపాడుతుంది. కంకషన్‌ని, అంటే మెదడు అదిరే దెబ్బని, ఆపుతుందని మాత్రం నమ్మకండి.

జవాబు (ఆల్బరీ నుంచి):
ఒక చిన్న మాట. మెడికేర్‌లో, అంటే ప్రభుత్వ ఆరోగ్య పథకంలో, అంబులెన్సు ఖర్చు రాదు. మీ ప్రైవేటు ఇన్సూరెన్సులో అంబులెన్స్ కవర్ ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. ఫ్యామిలీ టాక్స్ బెనిఫిట్ (పిల్లలున్న ఇళ్ళకి ప్రభుత్వ సాయం) వస్తుంటే క్లబ్ ఫీజుకి ఏడాదికి 50 డాలర్ల వోచర్లు రెండు వస్తాయి.

అడిగినవారు:
అందరికీ థాంక్స్ అండీ. మావారికి చదివి వినిపించాను, టాకిల్ ప్రాక్టీసు చూడ్డానికి ఆయనే వెళ్తానన్నారు. ఇంకొక్కటి. వాడు సన్నగా ఉంటాడు, గుడ్డు తప్ప మాంసం ముట్టడు. నెగ్గుకొస్తాడా?

జవాబు (న్యూకాజిల్ తండ్రి):
సన్నగా ఉంటే ఏమైంది అమ్మా, బంతి అందిస్తూ ఆట నడిపే హుకరూ హాఫ్‌బ్యాకూ చాలా జట్లలో చిన్నవాళ్ళే. ఈ కప్పుకి పేరు పెట్టిన ఆండ్రూ జాన్స్ కూడా హాఫ్‌బ్యాకే. పాస్, కిక్, నోరు తెరిచి జట్టుని నడిపించడం, ఈ మూడూ సాధన చేయమనండి. తిండికి గుడ్లు, పప్పు, పెరుగు, పాలు పుష్కలంగా పెట్టండి. దూరం మ్యాచ్‌లకి జట్టు భోజనం ఎక్కువగా మాంసమే ఉంటుంది. వాడు శాకాహారమని మేనేజర్‌కి ముందే రాతపూర్వకంగా చెప్పి, డబ్బాలో పెరుగన్నం, ఉడికించిన గుడ్లు, ఐస్ ప్యాక్ పెట్టి పంపండి.