వరదల నెలలో తొలి కాన్పు: ముందుగా ఏం చూసుకోవాలి?

ప్రశ్న:
నా భార్యకు ఎనిమిదో నెల నడుస్తోంది. ఆగస్టు రెండో వారంలో కాన్పు కావచ్చని డాక్టరుగారు చెప్పారు. ఆనవాయితీ ప్రకారం తొలి పురిటికి పుట్టింటికి పంపాలి గానీ, అత్తవారి ఊరు ముమ్మిడివరం దగ్గరి లంక కావడంతో, గోదావరి పెరిగి కాజ్‌వే మునిగితే పడవ తప్ప దారి ఉండదని నాకు బెంగగా ఉంది. ఏం చేయమంటారు?

మొదటి జవాబు:
బాబూ, జూలై నెలాఖరుకే అమ్మాయిని అమలాపురంలో తెలిసినవారి ఇంటికి చేర్చండి. పుట్టింటి ముచ్చట కోసం వాళ్లమ్మగారే అక్కడికి వచ్చి ఉండవచ్చు. మా అమ్మాయికి నొప్పులు మొదలైన రాత్రి, పడవ కోసం రేవులో రెండు గంటలు నిలబడ్డాం. టార్చిలైటు పట్టుకున్న నా చేయి వణుకుతూనే ఉంది.

రెండో జవాబు:
పెద్దవారు చెప్పింది సరైన మాటండి. తల్లీబిడ్డల రక్షణ కార్డు, స్కానింగ్ కాగితాలు, ఆధార్, ఉతికి ఎండలో ఆరేసిన మెత్తని నూలు గుడ్డలు ఇప్పుడే ఒక సంచిలో సర్దుకోండి. అవసరమైతే రక్తం ఇవ్వగలిగే ఇద్దరితో ముందే మాట్లాడి ఉంచండి. ఉమ్మనీరు పోయినా, రక్తస్రావం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా, నొప్పులు వచ్చేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి. బిడ్డ పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టించాలి. తేనె, పంచదార నీళ్లు నాకించే అలవాటును మాత్రం, పెద్దలు నొచ్చుకున్నా సరే, వద్దని నచ్చజెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలండి. అమలాపురంలో ఉన్న మా పిన్నిగారితో ఈ సాయంత్రమే మాట్లాడతాను.