ఓల్డ్ కోర్స్ నిజంగా అంత గొప్పదా, పేరు వల్ల గొప్పదా?

లింక్స్‌గాలి (డండీ, స్కాట్లండ్)

మొన్న మాటల్లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో ఉన్న ఓల్డ్ కోర్స్ అనే గోల్ఫ్ మైదానం సంగతి వచ్చింది. కాలిఫోర్నియా నుంచి వచ్చి ఒక రౌండ్ ఆడి వెళ్లిన మనవాళ్లలో ఒకరు "చదునైన గడ్డిమైదానం, బంతి ఎటు కొడుతున్నామో కనపడదు, చరిత్ర పక్కన పెడితే అక్కడ ఏముంది" అన్నారు. ఆ మాట నాకు ఇంకా మింగుడు పడలేదు. నేను టే నదికి ఇవతల ఉంటాను, వంతెన దాటితే అరగంటలో అక్కడుంటాను. ఏళ్ల తరబడి ఆడుతున్నాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కోర్స్ అదే. పేరు చూసి చెబుతున్న మాట కాదు, ఆట చూసి చెబుతున్నాను.

మొదటి హోల్‌కీ పద్దెనిమిదో హోల్‌కీ కలిపి ఒకటే ఫెయిర్‌వే (బంతి కొట్టుకుంటూ వెళ్లే, గడ్డి కత్తిరించిన దారి), వెడల్పు దాదాపు 130 గజాలు. చూడగానే ఇందులో బంతి పడకపోవడం ఏమిటి అనిపిస్తుంది. కానీ బంతి ఫెయిర్‌వేలో పడటం ఒక ఎత్తు, ఆ రోజు జెండా ఎక్కడుందో చూసుకుని సరైన వైపు పడటం ఇంకో ఎత్తు. 14వ హోల్ తీసుకోండి. కుడివైపు రాతిగోడ, దాని అవతల అవుట్ ఆఫ్ బౌండ్స్, అంటే ఆట హద్దుల బయట. ఎడమవైపు బియర్డీస్ అనే బంకర్ల (ఇసుక గుంటల) గుంపు. ఈ రెంటి మధ్య ఎలీసియన్ ఫీల్డ్స్ అని ఒక పచ్చటి ముక్క. అక్కడ క్షేమంగా పడ్డామని ఊపిరి పీల్చుకునే లోపే ఎదురుగా హెల్ బంకర్, మనిషి దిగితే తల కనపడనంత లోతు. 1995 ఓపెన్‌లో (బ్రిటన్‌లో జరిగే పెద్ద గోల్ఫ్ పోటీ) జాక్ నిక్లస్ అంతటివాడు అందులో ఇరుక్కుని, బయటపడటానికి నాలుగు షాట్లు తీసుకుని, ఆ హోల్‌లో మొత్తం 10 షాట్లు రాసుకున్నాడు. ఎదురుగాలి ఉంటే నేను ఎడమకి, ఏకంగా 5వ హోల్ ఫెయిర్‌వేలోకి కొడతాను. గాలి వెనకనుంచి వస్తే హెల్ మీదుగా దాటించడానికి చూస్తాను. ఒకే హోల్‌లో రెండు వేరే ఆటలు, మీకు నచ్చిన కోర్సుల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయి?

ఇంక గ్రీన్లు, అంటే జెండా, బంతి పడే రంధ్రం ఉండే నున్నటి గడ్డి. ఏడు గ్రీన్లు జంటవి, ఒక్కో గ్రీన్ మీద రెండు జెండాలు, ఆ రెండు హోల్స్ నంబర్లు కలిపితే ఎప్పుడూ 18. 5వ హోల్‌కీ 13వ హోల్‌కీ ఉన్న గ్రీన్ ఒక్కటే ముప్పాతిక ఎకరం పైన ఉంటుంది. నాకు బాగా గుర్తున్న రౌండ్ ఒక అక్టోబర్ సాయంత్రంది. ఊళ్లోని ఒక పెద్దాయనతో కలిపి ఆడించారు. 12వ హోల్ దగ్గర ఆయన గ్రీన్‌కి ఇంకా నలభై గజాల దూరంలో ఉన్నాడు, నేను వెడ్జ్ (బంతిని పైకి లేపే కర్ర) తీస్తాడనుకుంటే పట్టర్ (నేలమీద దొర్లించే కర్ర) తీశాడు. బంతి ఒక దిబ్బ ఎక్కింది, ఆగిపోతుందేమో అనుకునేలోపు ఎడమకి తిరిగి, గ్రీన్ ముందున్న మెట్టు ఎక్కి జెండాకి రెండడుగుల దూరంలో ఆగింది. "ఇక్కడ నేలని అడగాలి" అన్నాడంతే. ఆ తర్వాత నేను ఆడే పద్ధతే మారిపోయింది. మీరు ఏమంటారో చెప్పండి, ముఖ్యంగా కాదనేవాళ్లు.

బే ఏరియా బాబాయ్

అన్నా, ఆ మాట అన్నది నేనే, ఇప్పటికీ అదే అంటాను. మీరు చెప్పిందంతా వందసార్లు ఆడగలిగిన మనిషికి వర్తిస్తుంది. నాలాంటివాడు సముద్రం దాటి వచ్చి ఒక్క రౌండ్ ఆడతాడు. 12వ హోల్ టీ (మొదటి షాట్ కొట్టే చోటు) మీద నిలబడితే ముందు శుభ్రమైన ఫెయిర్‌వే కనపడుతుంది, అందంగా మధ్యలోకి కొడతాం, వెళ్లి చూస్తే బంతి బంకర్లో. ఆ బంకర్ టీ మీదనుంచి కనపడనే కనపడదు! మంచి షాట్ కొట్టినవాడికి శిక్ష వేసే కోర్స్‌ని గొప్పది అనమంటే ఎలా?

నా ఓటు కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌కి. 1919లో జాక్ నెవిల్, డగ్లస్ గ్రాంట్ వేసిన కోర్స్, ఇద్దరూ అప్పటికి అమెచ్యూర్ ఆటగాళ్లే. అక్కడ ఎవరూ ఏమీ వివరించి చెప్పాల్సిన పని లేదు. 7వ హోల్ 106 గజాలు, మేజర్లు అనే అతిపెద్ద పోటీలు జరిగే కోర్సుల్లో అంత చిన్నది ఇంకోటి ఉండదేమో. గాలి లేని రోజు చిన్న వెడ్జ్, పసిఫిక్ వైపునుంచి గాలి విసిరితే అదే దూరానికి నేను 6 ఐరన్ (వెడ్జ్ కన్నా బాగా దూరం కొట్టే కర్ర) కొట్టాను. మా నాన్నగారు తెనాలినుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. ఆయనకి గోల్ఫ్ ఓనమాలు రావు. 8వ హోల్ దగ్గర కొండ అంచున నిలబడి, కింద సముద్రం, అవతలి గట్టున గ్రీన్ చూసి, "ఇక్కడినుంచి అక్కడికి కొట్టాలా" అని నా భుజం పట్టుకున్నారు. నేను కొట్టాను, దాటింది. ఆయన చప్పట్లు కొడుతుంటే వెనకున్న వాళ్లూ కొట్టారు. ఆట తెలియని మనిషికి కూడా అర్థమైంది చూడండి, నాకు గొప్ప కోర్స్ అంటే అది.

ఎడిసన్ ఎక్స్‌ప్రెస్

బాబాయ్, 600 డాలర్లు దాటిన ఫీజు, పైగా అక్కడి హోటల్లో గది తీసుకోకపోతే ముందురోజు దాకా బుకింగే దొరకదు. దాన్ని గుండెకి దగ్గరైన కోర్స్ అని ఎలా అంటాం?

నాది బెత్‌పేజ్ బ్లాక్. న్యూయార్క్ రాష్ట్రం వాళ్ల పార్క్, ఎవరైనా ఆడొచ్చు. 2002, 2009లో యూఎస్ ఓపెన్, 2019లో పీజీఏ ఛాంపియన్‌షిప్, 2025లో రైడర్ కప్ జరిగాయి. రాత్రి పార్కింగ్‌లో నంబర్ వేసిన చోట కారు పెట్టి, సీటు వెనక్కి వాల్చి పడుకుంటాం, తెల్లవారుజామున టికెట్ ఇస్తారు. అట్లా పడుకున్న రాత్రి పక్క కారులో ఒక ఫైర్‌మ్యాన్, ఇటుపక్క ఒక స్కూల్ టీచర్, మా అమ్మ కట్టిచ్చిన పులిహోర ముగ్గురం తిన్నాం. మొదటి టీ దగ్గర బోర్డు ఉంటుంది, ఇది చాలా కష్టమైన కోర్స్, బాగా ఆడగలిగిన వాళ్లకే సిఫార్సు చేస్తాం అని. గోల్ఫ్ బండి లేదు, నడవాల్సిందే. 15వ గ్రీన్‌కి ఎక్కేసరికి కాళ్లు పట్టేస్తాయి. స్కోర్ ఎంత ఘోరంగా వచ్చినా ఇంటికి వెళ్లేటప్పుడు మళ్లీ ఎప్పుడు అనే ఉంటుంది.

లింక్స్‌గాలి

ఎడిసన్ గారూ, మీరు తెలియకుండా నా వైపే మాట్లాడారు. ఓల్డ్ కోర్స్ కూడా ప్రైవేట్ క్లబ్బుది కాదు. రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు భవనం మొదటి టీ వెనక ఉంటుంది కాబట్టి అందరూ వాళ్లదే అనుకుంటారు. నేల ఊరిది, 1974లో పార్లమెంట్ చట్టంతో ఏర్పడ్డ లింక్స్ ట్రస్ట్ అనే సంస్థ నడుపుతుంది. ఊళ్లోవాళ్లు ఏడాదికి ఒక టికెట్ కొనుక్కుని ఆడతారు. ఆదివారం ఆట ఉండదు, ఏదైనా పెద్ద టోర్నమెంట్ ఉంటే తప్ప. ఆ రోజు ఫెయిర్‌వేల మీద పిల్లలు బంతులాడుతుంటారు, కుక్కలు పరుగెడుతుంటాయి. ఓపెన్ ఛాంపియన్‌షిప్ జరిగే గడ్డ మీద! మామూలు రోజుల్లో కూడా 18వ ఫెయిర్‌వేకి అడ్డంగా పోయే దారిలో జనం నడుస్తుంటే మనం ఆగాలి.

ఇది ఊరికే వచ్చింది కాదు. 1797లో ఊరి ఖజానా ఖాళీ అయి ఆ భూమిని కుందేళ్లు పెంచే వ్యాపారులకి ఇచ్చేశారు. నేలంతా బొరియలు. గోల్ఫ్ వాళ్లకీ వాళ్లకీ ఇరవై ఏళ్లకి పైగా కోర్టులు, కొట్లాటలు. చివరికి 1821లో జేమ్స్ చీప్ అనే భూస్వామి కొని ఆటకి నిలబెట్టాడు. 2023లో 18వ హోల్ మీదున్న పాత రాతి వంతెన స్విల్కన్ బ్రిడ్జి దగ్గర గడ్డి అరిగిపోతోందని రాళ్లు పరిస్తే జనం గోల చేసి కొద్దిరోజుల్లోనే తీయించారు. అంత మమకారం ఉన్న కోర్స్ ఇంకోటి చూపించండి.

బాబాయ్ గారూ, కనపడని బంకర్ల సంగతి. పాతకాలంలో ఆ కోర్స్‌ని ఇప్పటికి ఎదురు దిక్కులో కూడా ఆడేవాళ్లు. అటునుంచి వచ్చేవాడికి అవి ఎదురుగానే కనపడేవి. నేల అలాగే ఉంది, మన దిక్కు మారింది. ఒక్కసారి మోసపోతాం, రెండోసారి తెలుసుకుని ఆడతాం. అది శిక్ష ఎలా అవుతుంది?

నయాఖిలా

హైదరాబాద్ నుంచి. మీ ముగ్గురి మాటలు ఆసక్తిగా చదివాను, కానీ వాదనలో ఒకటి తప్పిపోతోంది. మనం ఎక్కడ ఆట నేర్చుకున్నామో ఆ నేలని మించిన కోర్స్ ఉంటుందా? నాది గోల్కొండ పక్కన నయా ఖిలాలోని హైదరాబాద్ గోల్ఫ్ కోర్స్. 1650లలో మొఘలుల దాడి తర్వాత గోల్కొండకి కలిపి కట్టిన కోట భాగం అది. బంతి కొడుతుంటే వెనక బురుజులు. లోపల హథియాన్ కా ఝాడ్ అనే పెద్ద బావోబాబ్ చెట్టు ఉంది, ఆఫ్రికా జాతిది, వందల ఏళ్లది, మొదలు చుట్టూ చేతులు పట్టుకుని నిలబడాలంటే పెద్ద గుంపే కావాలి. పొద్దున్నే ఆడితే రాళ్లమీద ఎండ ఎర్రగా పడుతుంది, నెమళ్ల అరుపులు.

అయితే ఒక సంగతి దాచకుండా చెప్పాలి. కోట స్థలంలో గోల్ఫ్ ఉండొచ్చా అని వారసత్వ కట్టడాల కోసం పోరాడేవాళ్లకీ ఆటగాళ్లకీ ఏళ్లుగా గొడవ ఉంది, వాళ్ల బాధలో న్యాయం ఉందనే నేను అనుకుంటాను. ఊరి జనం ఆ బురుజులు ఎక్కి చూడగలగాలి. అందుకే లింక్స్‌గాలి గారు చెప్పిన ఆదివారం సంగతి నాకు గట్టిగా తగిలింది. వారానికి ఒక రోజు గేట్లు తెరిచి ఆట ఆపేస్తే మాకు పోయేది ఏమీ లేదు. ఆ ఒక్క కారణానికి ఓల్డ్ కోర్స్ గొప్పదని ఒప్పుకుంటాను, హెల్ బంకర్ కోసం కాదు.

పట్టింగ్ పిచ్చి

మా నాన్న సైన్యంలో చేసేవారు కాబట్టి నేను ఆడినవన్నీ కంటోన్మెంట్ కోర్సులు. చిన్న ఊళ్లలో గ్రీన్లు ఉండేవి కావు, బ్రౌన్లే. ఇసుకలో నూనె కలిపి చదును చేసేవాళ్లు. మన ముందు ఆడినవాళ్ల అడుగులు పోవడానికి క్యాడీ కుర్రాడు బంతినుంచి హోల్ దాకా గోనెపట్టా ఈడ్చి దారి చేసేవాడు, ఆ దారి మీద పట్ చేయాలి. నూనె వాసన చేతులకి పట్టుకునేది. పట్ నిదానంగా, గట్టిగా కొట్టడం అక్కడే వచ్చింది, తర్వాత గడ్డి గ్రీన్ల మీదికి వెళ్తే బంతి జారిపోయేది.

కానీ ఇష్టమైన కోర్స్ అంటే ఢిల్లీ గోల్ఫ్ క్లబ్ లోధీ కోర్స్ అంటాను. ఫెయిర్‌వేలు సన్నగా, రెండు పక్కలా తుమ్మ పొదలు, బంతి వెళ్తే వెతకడం కూడా అనవసరం. మధ్యలో పాత సమాధులు. బలం ఉంటే చాలదు, చాలా హోల్స్‌లో డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే కర్ర) బ్యాగులోనే ఉండాలి. లింక్స్‌గాలి గారు వెడల్పు వల్ల ఆలోచన పుడుతుంది అన్నారు. సన్నటి దారిలో కూడా పుడుతుందండీ.

బే ఏరియా బాబాయ్

ఎడిసన్ తమ్ముడూ, ఫీజు సంగతిలో నీతో నాకు పేచీ లేదు. పెబుల్ పక్క ఊళ్లోనే పసిఫిక్ గ్రోవ్ అని మునిసిపల్ కోర్స్ ఉంది, వెనక తొమ్మిది హోల్స్ అదే నెవిల్ ఇసుకదిబ్బల్లో వేశాడు, 1855 నాటి లైట్‌హౌస్ చుట్టూ తిరుగుతుంది, జింకలు గ్రీన్ మీద పడుకుని ఉంటాయి. పెబుల్ ఫీజులో చిన్న ముక్క. మా అబ్బాయికి ఆట అక్కడే నేర్పుతున్నాను. వాడికి సాహిత్ తీగల అంటే ప్రాణం. అమ్మానాన్నలు హైదరాబాద్ వాళ్లు, పిల్లాడు పుట్టింది పెరిగింది దక్షిణ కాలిఫోర్నియాలో, 2023లో నాపాలో సిల్వరాడో కోర్స్ మీద పీజీఏ టూర్ టోర్నమెంట్ గెలిచాడు. ఆ రోజు వాళ్ల కుటుంబం గ్రీన్ పక్కన నిలబడి సంబరపడుతుంటే మా ఇంట్లో అందరం లేచి నిలబడ్డాం. పిల్లవాడికి సిల్వరాడో అంటే ఇప్పుడు గుడి.

ఓల్డ్ కోర్స్ మీద మాత్రం నా మాట మారదు. మళ్లీ మళ్లీ ఆడితే తప్ప తెలియని గొప్పతనం నాకు పనికిరాదు.

లింక్స్‌గాలి

అమెరికా గోల్ఫ్ దిగ్గజం బాబీ జోన్స్ కూడా సరిగ్గా మీలాగే మొదలుపెట్టాడు. 1921 ఓపెన్ మూడో రౌండ్‌లో 11వ హోల్ దగ్గర హిల్ బంకర్లో పడి విసిగిపోయి పోటీలోంచి తప్పుకున్నాడు. అదే మనిషి 1927లో అక్కడే ఓపెన్ గెలిచాడు, 1930లో బ్రిటిష్ అమెచ్యూర్ పోటీ గెలిచాడు. 1958లో ఊరు ఆయన్ని గౌరవ పౌరుణ్ణి చేసింది, అంతకుముందు ఆ గౌరవం దక్కిన అమెరికన్ బెంజమిన్ ఫ్రాంక్లిన్. మాస్టర్స్ పోటీ జరిగే ఆగస్టా నేషనల్ కోర్స్ వేయాల్సి వచ్చినప్పుడు జోన్స్ ఎవరిని పట్టుకున్నాడు? ఓల్డ్ కోర్స్‌ని అంగుళం అంగుళం కొలిచి 1924లో పటం గీసిన కోర్స్ డిజైనర్ ఆలిస్టర్ మెకంజీని. మీరు టీవీలో ప్రతి ఏప్రిల్ చూసి మురిసిపోయే కోర్స్‌లో ఓల్డ్ కోర్స్ ఆలోచన ఉంది. ఒక్క రౌండ్‌తో తీర్పు చెప్పడం మీ ఇష్టం, కానీ ఆ తీర్పు కోర్స్ గురించి కాదు, ఆ ఒక్క రోజు గురించి.

పట్టింగ్ పిచ్చి గారూ, ఢిల్లీ సంగతి కాదనను, నేను అక్కడ ఆడలేదు. బ్రౌన్ల మీద నేర్చుకున్నవాళ్లకి ఇక్కడి గట్టి నేల మీద పట్టర్ బాగా పలుకుతుందని మాత్రం నమ్మకం.

ఎడిసన్ ఎక్స్‌ప్రెస్

సరే, వాదన తర్వాత. వచ్చే ఏడాది ఇద్దరం రావాలనుకుంటున్నాం. టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) ఎలా దొరుకుతుంది?

లింక్స్‌గాలి

రెండు రోజుల ముందు బ్యాలెట్‌లో పేర్లు వేయాలి, కనీసం ఇద్దరు ఉండాలి, లాటరీ తీస్తారు. ఒంటరిగా వచ్చేవాళ్లు ఇదివరకు రాత్రంతా బయట క్యూలో నిలబడేవాళ్లు, 2024 నుంచి వాళ్లకీ డ్రా పెట్టారు. ఫీజు సీజన్‌లో 300 పౌండ్లు దాటింది. కనీసం నాలుగైదు రోజులు ఊళ్లో ఉండేలా రండి, బ్యాలెట్ తగలకపోతే పక్కనే 1895 నాటి న్యూ కోర్స్, జూబిలీ ఉన్నాయి, రెండూ మంచివే. ఏప్రిల్ చివర గానీ సెప్టెంబర్‌లో గానీ పెట్టుకోండి. నవంబర్ దాటాక ఫెయిర్‌వేల మీద చిన్న మ్యాట్ వేసి దానిమీదనుంచి కొట్టిస్తారు, అప్పుడు మాత్రం రావద్దు.