నిషి-కసాయిలో కొత్తగా దిగినవారికి: తేకి పాసుతో నడిచే టోక్యో

నిషి-కసాయి నుంచి, కొత్తగా వచ్చినవాడిని

అందరికీ నమస్కారం. ఈ ఊరు వచ్చి అయిదు వారాలయింది. ఆఫీసు తకదనోబాబాలో. పొద్దున్నే తోజాయి లైను ఎక్కడం, రాత్రి అదే లైనులో ఇల్లు చేరడం. సెలవుల్లో షిబుయా, అసకుసా, టోక్యో టవరు చూశాను. స్టేషన్ల పేర్లు వచ్చాయి గానీ ఊరు తెలిసినట్టు అనిపించడం లేదు. నాకు నడక ప్రాణం. బెజవాడలో రోజూ కృష్ణ కరకట్ట మీద నడిచేవాణ్ణి. ఇక్కడ ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు. శాకాహారిని, జపనీస్ చదవడం రాదు. వచ్చే నెల మా ఆవిడ వస్తోంది. ఆమెకు చూపించడానికి నాకంటూ కొన్ని వీధులు తెలిసి ఉండాలని ఆశ.

తోయోచో నుంచి, 14 ఏళ్ళుగా ఇక్కడే ఉన్న అక్క

తమ్ముడూ, మీకు కావలసింది మీ జేబులోనే ఉంది. నిషి-కసాయి నుంచి తకదనోబాబా దాకా తేకి, అంటే రోజూ ఆఫీసుకు వెళ్ళివచ్చేవాళ్ళ రైలు పాసు, తీసుకునే ఉంటారు. ఆ రెండింటి నడుమ 12 స్టేషన్లున్నాయి. పాసు గడువు తీరేదాకా వాటిలో ఎక్కడ దిగినా, మళ్ళీ ఎక్కినా, ఎన్నిసార్లయినా, ఒక్క యెన్ కూడా అదనంగా పోదు. ఆదివారమూ అంతే. నాకు ఈ సంగతి రెండేళ్ళదాకా తెలియలేదు. ఆ రెండేళ్ళూ ఇంత మంచి వాడల కిందుగా, సొరంగంలో ఫోను చూసుకుంటూ పోయానే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే కొత్తగా వచ్చిన ప్రతివారికీ చెబుతాను: వారానికి ఒకసారి ఒక స్టేషనులో దిగి, తరువాతి స్టేషను దాకా నేల మీద నడవండి. చాలాచోట్ల కిలోమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. లోపల రెండు నిమిషాల చీకటి, పైన ఒక వాడ ఇంకో వాడగా మారే దారి.

మొదట మోంజెన్-నకచోలో దిగండి. మోంజెన్ అంటే గుడి వాకిలి ముందు అని. పేరుకు తగ్గట్టే స్టేషను దాటగానే ఫుకగవా ఫుదో గుడి దారి వస్తుంది. అక్కడ రోజుకు కొన్నిసార్లు గోమా జరుగుతుంది. గోమా అంటే మన హోమమే, మాట కూడా అదే. చైనా మీదుగా బౌద్ధంతో ఇక్కడికి చేరి ఆ రూపం తీసుకుంది. పెద్ద పెద్ద డోళ్ళు మోగుతుంటే మంటలు లేస్తాయి, నేల అదురుతుంది. ఫోను లోపల పెట్టేసి వెనక వరసలో కూర్చోండి. మొదటిసారి విన్నప్పుడు నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. పరాయి దేశంలో మన యజ్ఞశాల మాట వేరే గొంతుతో వినిపించడం చిన్న విషయం కాదు. నెలలో 1, 15, 28 తేదీల్లో అక్కడ చిన్న సంత కూడా పెడతారు.

పక్కనే తొమియోకా హచిమన్ గుడి. సుమో మల్లులను తలచుకునే పెద్ద రాళ్ళు చూడటానికి అందరూ అక్కడికి వెళ్తారు. మీరు మాత్రం ఇనో తదతకా విగ్రహం ముందు కాసేపు నిలబడండి. వ్యాపారం కొడుక్కి అప్పగించి, యాభై దాటాక ఖగోళశాస్త్రం నేర్చుకున్న మనిషి. 1800లో, 55 ఏళ్ళ వయసులో, ఈ గుడిలో దండం పెట్టుకుని ఉత్తరానికి బయలుదేరాడు. ఆ మొదటి యాత్రలో దూరాలను అడుగులు లెక్కపెట్టి కొలిచాడు. ఆ తరువాత ఏళ్ళ తరబడి దేశమంతా నడిచి కొలిచాడు. 1818లో పోయాడు. ఆయన శిష్యులు జపాను దేశపటాన్ని 1821లో పూర్తిచేశారు. నడిచేవాళ్ళకు ఈ ఊళ్ళో అంతకు మించిన దేవుడు నాకు కనిపించలేదు.

అక్కడినుంచి తూర్పుకు నడిస్తే కిబా. అంటే కలప ఉండే చోటు. కాలువల్లో దుంగలు తేల్చి నిలవ చేసిన వాడ ఇది. తరువాత కలప అడితీలు సముద్రం వైపు షిన్-కిబాకు తరలిపోయాయి. పేరు ఒకటి ఇక్కడ మిగిలింది, అక్కడికీ వెళ్ళింది. ఈ నేలంతా చదును, అడుగడుగునా వంతెన. చాలాభాగం నీళ్ళను పూడ్చి చేసిన నేలే. దీన్ని షితమాచి అంటారు, పల్లపు ఊరు అని అర్థం. చేతిపనులవాళ్ళు, చిన్న వ్యాపారులు ఉండిన చోటు. సమురాయిల ఇళ్ళు మెరకలో ఉండేవి. ఆ మెరకను యమనోతె అన్నారు. తోజాయి లైను పల్లం నుంచి మెరకకు పోతుంది గానీ, రైల్లో కూర్చుంటే ఆ తేడా తెలియదు. కాళ్ళకు తెలుస్తుంది.

ఎక్కడ తెలుస్తుందంటే కుదాన్‌షితాలో. కుదాన్ అనే ఎత్తు కింద అని ఆ పేరుకు అర్థం. దిగి తల ఎత్తగానే ఎదురుగా ఎత్తు మొదలవుతుంది. పైకెక్కితే పాత ఎదో కోట (ఇప్పుడు చక్రవర్తి నివాసం) కందకం, దాని పక్కన చిదోరిగఫుచి నడకదారి, ఇంచుమించు 700 మీటర్లు. మార్చి చివర, ఏప్రిల్ మొదట చెర్రీ పూలు విరిసి నీటి మీదికి వంగుతాయి. మన రాయబార కార్యాలయం కూడా ఆ దారికి ఆనుకునే ఉంది. ఏదో ఒక కాగితం పని మీద ఎలాగూ వెళ్తారు, ఆ రోజు తిన్నగా ఇంటికి రాకండి. కిందికి దిగి జింబోచో వైపు నడిస్తే పాత పుస్తకాల దుకాణాలు వందకు పైగా ఉన్నాయి. ఎండకు పుస్తకాలు పాడవకుండా అవి ఎక్కువగా వీధికి దక్షిణం వైపున, ఉత్తరముఖంగా ఉంటాయి. చాలా కొట్లకు ఆదివారం సెలవు, శనివారం వెళ్ళండి.

కగురజకా మాత్రం సాయంత్రం చూడాలి. కగురజకా స్టేషనులో దిగి ఈదబాషి వైపు వాలులో నడవండి. ఆ పెద్దవీధి బళ్ళను ఒక వైపే పోనిచ్చే దారి. అయితే మధ్యాహ్నానికి ముందు ఒక వైపు, తరువాత రెండో వైపు పోనిస్తారు. వీధి మధ్యలో బిషమొన్ గుడి ఉంది. బిషమొన్ అంటే వైశ్రవణుడు, మన కుబేరుడు. వాకిట్లో కాపలాకు రాతి పులులుంటాయి. పక్క సందుల్లోకి మళ్ళండి. రాళ్ళు పరిచిన ఒక సందు పేరు కకురెంబో యోకోచో, అంటే దాగుడుమూతల సందు. దారి తప్పితేనే అందం.

నిజంగా తప్పిపోతే భయపడకండి. ఇక్కడ చాలా వీధులకు పేర్లుండవు. ఇంటి చిరునామాలో పేట, దాని భాగం, బ్లాకు అంకె, ఇంటి అంకె మాత్రమే ఉంటాయి. అందుకే అడిగినప్పుడు ఇక్కడివాళ్ళు కూడా పటం గీస్తారు. కోబాన్ అని చిన్న పోలీసు గది కనిపిస్తే నిరభ్యంతరంగా వెళ్ళి అడగండి. దారి చెప్పడం వాళ్ళ రోజువారీ పని. మొదటి ఏడాది రాత్రి పూట ఒక పోలీసాయన గొడుగు పట్టుకుని నన్ను మలుపు దాకా తీసుకువెళ్ళాడు.

తిండి సంగతి. కూరగాయల వంటకమని కనిపించినా పులుసు చాలావరకు దాషితో చేస్తారు. దాషి మామూలుగా ఎండబెట్టిన కత్సువో చేపతో కాచిన రసం. నూడుల్స్ పులుసు, మిసో సూప్ రెండిట్లోనూ అదే సమస్య. "కత్సువో దాషి హైత్తే ఇమాసు కా" అనే ఒక్క ప్రశ్న నేర్చుకోండి, ఆ దాషి ఉందా అని. బయలుదేరేటప్పుడు పులిహోర కట్టుకుంటే నిశ్చింత. చెత్తకుండీలు అరుదు, ఒక ఖాళీ సంచీ ఉంచుకుని చెత్త ఇంటికి తెచ్చుకోండి. తాగునీళ్ళకూ మరుగుదొడ్డికీ స్టేషన్లూ కన్వీనియన్స్ స్టోర్లూ ఉండనే ఉన్నాయి.

కోయెంజి నుంచి

అక్క చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. తోజాయి లైను పడమటి కొన నకానో, తకదనోబాబాకు రెండు స్టేషన్లు అవతల. పాసు దాటిన ఆ కొద్ది దూరానికే డబ్బు కట్టాలి. అక్కడినుంచి కోయెంజి పాత బట్టల కొట్ల మీదుగా నడిచి రెంకోజి గుడి చేరండి. నేతాజీవని చెప్పే అస్థికలు అక్కడే భద్రపరిచారు. ఆవరణలో ఆయన విగ్రహం ఉంది. ఇళ్ళ మధ్య చిన్న గుడి. వెళ్ళినప్పుడల్లా నేను అక్కడ మాట్లాడకుండా పది నిమిషాలు ఉండి వస్తాను.

జులై, ఆగస్టుల్లో మాత్రం పగటి నడక వద్దు. ఉక్కపోత మన తీర ప్రాంతానికి ఏమాత్రం తీసిపోదు. జూన్‌లో వానలు. అక్టోబరు, నవంబరు నడకకు బంగారం.

నిషి-కసాయి నుంచి, మళ్ళీ నేనే

అక్కా, ఆదివారం మోంజెన్-నకచో వెళ్ళాను. హోమం మొదలయ్యేసరికి వెనక వరసలో ఉన్నాను. డోలు దెబ్బకు గుండె ఝల్లుమంది. ఇనో గారికి దండం పెట్టి, కిబా దాటి మీ తోయోచో దాకా నడిచాను. దారిలో దాటిన వంతెనలు తొమ్మిది. మా ఆవిడ వచ్చాక మొదటి నడక ఎక్కడ పెట్టుకోమంటారు? ఆమెకు విమానం బడలిక కూడా ఉంటుంది.

తోయోచో అక్క

ఆమెను మొదటిరోజు రైలెక్కించకండి. మీ ఇంటి నుంచి పడమరగా ఇరవై నిమిషాలు నడిస్తే అరకవా గట్టు. మీరు రోజూ రైల్లో దాటే పొడవైన వంతెన కింద ఉన్నది ఆ నదే. నది అంటాం గానీ తవ్విన కాలువ అది. 1910 వరదలకు ఊరు మునిగాక తవ్వడం మొదలుపెట్టారు, 1924లో నీళ్ళు వదిలారు, 1930లో పని ముగిసింది. ఈ పల్లపు పేటలకు కాపు ఆ గట్టే. కృష్ణ కరకట్ట మీద నడిచిన కాళ్ళకు అది పరాయిదనిపించదు. ఆకాశం తేటగా ఉంటే పొద్దుగుంకే వేళ పడమట ఫుజి నల్లగా కనిపిస్తుంది. సాయంత్రం స్తంభాల మీది లౌడ్‌స్పీకర్లలో పిల్లల పాట వస్తుంది. విపత్తులో హెచ్చరించే ఆ స్పీకర్లు పనిచేస్తున్నాయో లేదో రోజూ అలా చూసుకుంటారు. మొదటిసారి వింటే ఉలిక్కిపడతారు, ఆమెకు ముందే చెప్పండి. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరూ మా ఇంటికి రండి. వంతెన దాటితే రెండో స్టేషను, పాసులోనే ఉంది. ఆమెకు మాత్రం టికెట్టు తీయండి.