సమరియ స్త్రీ బావి దగ్గర వదిలివెళ్లిన కుండ

ప్రశ్న

తపస్సు కాలం (ఈస్టరుకు ముందటి ఉపవాస దినాలు) మూడవ ఆదివారానికి ఈ ఏడాది (2026) వచ్చే సువార్త యోహాను 4వ అధ్యాయం, అంటే యాకోబు బావి దగ్గర ప్రభువు సమరియ స్త్రీతో మాట్లాడిన ఘట్టం. ఆ వారం సిలువ మార్గం ప్రార్థన ముగిశాక ఐదు నిమిషాలు ధ్యానం చెప్పమని మా విచారణ గురువుగారు నాకు అప్పగించారు. ఆమె పాపాత్మురాలనీ, ఊరివాళ్లకు ముఖం చూపలేకనే మిట్టమధ్యాహ్నం నీళ్లకు వచ్చిందనీ చిన్ననాటి నుంచి వింటున్నాను. తీరా అధ్యాయమంతా నిదానంగా చదివితే ఆ మాట ఎక్కడా కనబడలేదు. 28వ వచనంలో మాత్రం ఆమె కుండను అక్కడే విడిచి ఊళ్లోకి వెళ్లిందని ఉంది. యోహాను ఆ కుండ సంగతి ప్రత్యేకించి ఎందుకు చెప్పినట్టు?

మొదటి జవాబు

మీరు సరిగ్గానే చదివారు. మధ్యాహ్నానికి కారణం సువార్తికుడు చెప్పలేదు. అయితే 3వ అధ్యాయంలో యూదుల పెద్ద నీకొదేము ప్రభువు దగ్గరికి రాత్రివేళ వచ్చాడని చెప్పిన వెంటనే, పేరైనా లేని ఈ పరాయి స్త్రీని పట్టపగటి వెలుగులో నిలబెట్టడం యాదృచ్ఛికమని నేను అనుకోను. ఆమెకు అంతకుముందు ఐదుగురు భర్తలున్న సంగతి ఎత్తినప్పుడు కూడా ప్రభువు ఆమెను గద్దించలేదు. ఇక పాపం చేయవద్దన్న హెచ్చరిక 8వ అధ్యాయంలో వేరొక స్త్రీతో అన్నది. భర్తలు చనిపోయి ఉండవచ్చు, విడిచిపెట్టి ఉండవచ్చు; ఆ రోజుల్లో విడాకుల పత్రం ప్రధానంగా మగవాడి చేతిలోనిదే. నిజంగా ఊరు వెలివేసిన మనిషే అయితే, ఆమె పిలవగానే ఆ ఊరివాళ్లు బావి దగ్గరికి కదిలివస్తారా?

రెండవ జవాబు

మాది గుంటూరు వైపు లూథరన్ సంఘం. మేము ఈ రోజులను లెంట్ అంటాము. చేదబావి నీళ్లు మోసిన దానిగా ఒక్క మాట చెబుతాను. బిందెను బావి గట్టున వదిలి ఇంటికి వెళ్లిన పిల్లకు మా ఇళ్లలో చీవాట్లు తప్పేవి కావు, ఎందుకంటే తిరిగి వెళ్లేసరికి అది అక్కడ ఉంటుందన్న నమ్మకం లేదు. అందుచేత ఆమె మళ్లీ రావాలనుకునే వదిలిందేమోనని నాకు తోస్తుంది. లేదా దాహం అడిగిన మనిషికి చేదుకోవడానికి ఏమీ లేదని 11వ వచనంలో తానే అన్నది కనుక, ఆయన తాగుతాడని ఉంచిందేమో. ఆ బావి, నేటి నాబ్లుస్ ఊరిలో గ్రీకు ఆర్థడాక్స్ ఆలయం లోపల ఉన్నది, సుమారు 40 మీటర్ల లోతు. చేద, తాడు లేకుండా అందే నీళ్లు కావు.

మూడవ జవాబు

పై సోదరి ఊహ బాగున్నా, అది ఊహేనన్న మాట ధ్యానంలోనూ చెప్పడం న్యాయం. నాలుగు, ఐదు శతాబ్దాల నాటి పునీత అగస్తీను ఆ కుండను లోకాశకు గుర్తుగా తీసుకున్నాడు. ఐదుగురు భర్తలను ఐదు ఇంద్రియాలుగానూ చెప్పాడు. అది నాకు కొంత లాగినట్టే ఉంటుంది. నేనైతే గ్రీకు మాటను పట్టుకుంటాను: ఇక్కడి కుండకూ, కానా ఊరి పెళ్లిలో నీళ్లు ద్రాక్షారసమైన రాతిబానలకూ యోహాను వాడింది హుద్రియా అనే ఒకే పదం. ఇంకొకటి, ప్రభువు నీళ్లు తాగినట్టు ఈ అధ్యాయంలో ఎక్కడా లేదు. మూలంలో ఆ వేళ ‘ఆరవ గంట’, అంటే మధ్యాహ్నం. 19:14లో రోమా అధిపతి పిలాతు ఆయనను సిలువకు అప్పగించే ఘట్టంలోనూ అదే గంట, ఆ తరువాత సిలువ మీద దాహంగా ఉన్నదన్న మాట.

ప్రశ్న అడిగినవారు

కృతజ్ఞతలు. కుండకు అర్థం చెప్పే ప్రయత్నం మానుకున్నాను. ‘ఆయన నీళ్లు తాగాడా?’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టి, 19వ అధ్యాయంలోని ఆ దాహపు వచనం చదివి ఆపేస్తాను.