గోదావరి డెల్టాలో పడవల వర్తకం మనకు మిగిల్చినవి ఏమిటి?

ప్రశ్న – కోనసీమ మనవరాలు
మా అమ్మమ్మ చిన్నతనంలో కాకినాడ నుంచి రాజమండ్రికి గూటి పడవలో వెళ్లేవారట. ఆమె ఇప్పటికీ వేసవి వచ్చిందని అనరు, "కాలవలు కట్టేశారు" (అంటే కాలవలకు నీరు ఆపేశారని) అంటారు. నీటి మీద సాగిన రాకపోకలు, వర్తకం మన మాటలోకి, తిండిలోకి, ఊళ్లలోకి ఎంతవరకు ఇంకాయో తెలిసినవారు వివరించగలరా? ఇదంతా 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే మొదలైందా?

జవాబు – లాకులపేట
ఆర్థర్ కాటన్ ఈ కాలవలను పైరు కోసమే కాక పడవల కోసమూ తవ్వించారు కనుకనే నీటిమట్టం మారే చోట్ల లాకులు కట్టారు. పడవ లోపలికి రాగానే వెనుక తలుపులు మూసి, ముందు తలుపుల తూములెత్తి, రెండు పక్కలా నీరు సమానమయ్యేదాకా నిలిపేవారు. ఆ నిలిచిన సేపే గట్టు మీది అంగళ్లకు బేరం. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకుంటే గట్టు వెంట నడుస్తూ తాడుతో లాగేవారు. గోదావరి కాలవ ఏలూరులో కృష్ణా కాలవతో కలుస్తుంది కాబట్టి మన ధాన్యం విజయవాడకు, అటుపైన కొమ్మమూరు, బకింగ్‌హామ్ కాలవల మీదుగా మద్రాసుకు నీటి దారినే చేరగలిగేది.

జవాబు – వసిష్ఠ తీరం
ఆనకట్టతోనే మొదలైందనడం సరికాదు. 17వ శతాబ్దంలోనే డచ్చివారు పాలకొల్లులో, ఇంగ్లీషువారు నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో బట్టల వర్తకానికి స్థావరాలు పెట్టుకున్నారు; నరసాపురంలో ఓడలు కట్టేవారు. మాధవాయిపాలెం పేరు ఐరోపావారి నోట "మదపోలం" అయి, ఫ్రెంచి భాషలో ఒక నూలు బట్టకు పేరుగా నిలిచింది. ఊరి పేరు సముద్రాలు దాటింది గాని, ఆ బట్ట నేసిన మనిషి పేరు ఒక్కటీ మనకు దక్కలేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

జవాబు – ఎర్రనీరు
తిండి సంగతి నేను చెబుతాను. వరద నీరు ఎర్రబడగానే సముద్రపు విలస చేప గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీది, ఆ తీపి నీటిలో పులస అవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత దాని ధరనూ, దాని మీది మోజునూ ఒకేసారి చెబుతుంది. అయితే ధవళేశ్వరం దగ్గర దాని దారి మూసుకుపోతుంది. పైరును నిలిపిన కట్టడమే చేపను ఆపిందన్నది కూడా మనం ఒప్పుకోవాలి.

కోనసీమ మనవరాలు
అందరికీ కృతజ్ఞతలు. ఇవి అమ్మమ్మకు చదివి వినిపించాను. లాకుల దగ్గర పడవ ఆగినప్పుడు వాళ్లమ్మ గట్టు మీద మూడు రాళ్లు పేర్చి అన్నం వండేవారట. తలుపులు తెరుస్తున్నామని కేక వినిపిస్తే, ఉడికీ ఉడకని అన్నంతోనే గిన్నె దింపుకుని పడవెక్కేవారట.