సైన్యంలో హత్య, అత్యాచారం కేసులు కమాండర్ చేతిలోంచి తీసేయడం సరైనదేనా?

మొదటి పోస్ట్:
అమెరికా సైన్యంలో 2023 డిసెంబర్ 28 నుంచి జరిగిన హత్య, అత్యాచారం, కిడ్నాప్, గృహహింస లాంటి నేరాల్లో కోర్టు మార్షల్ (సైనిక కోర్టు విచారణ) పెట్టాలా వద్దా అన్నది కమాండర్ కాకుండా ప్రత్యేక ప్రాసిక్యూటర్లు తేలుస్తున్నారు. నాకిది నచ్చలేదు. ప్రాణాలకు తెగించమని ఆజ్ఞ ఇచ్చే మనిషికి, తన కింది సైనికుడు ఘోరం చేస్తే కేసు నడిపే అధికారం లేదంటే ఇక క్రమశిక్షణకు ఎవరు పూచీ?

జవాబు:
మీ బాధ అర్థమైందండీ, కానీ ఒక్కసారి బాధితురాలి వైపు నుంచి చూడండి. నిందితుడిదీ ఆమెదీ ఒకే యూనిట్, ఇద్దరికీ అదే కమాండర్, పైగా కేసు పెద్దదైతే ఆయన రికార్డుకే మచ్చ. ఇటలీలోని ఆవియానో అమెరికా వైమానిక స్థావరంలో ఒక లెఫ్టినెంట్ కల్నల్‌ను లైంగిక దాడి కేసులో జ్యూరీ దోషిగా తేలిస్తే, 2013లో ఒక జనరల్ ఆ తీర్పునే కొట్టేశారు. విచారణ జరిపింది ఆయన కాదు, సాక్షులను విన్నదీ ఆయన కాదు. అయినా చట్టం అప్పట్లో ఒప్పుకుంది!

ఈ అధికారాన్ని కమాండర్ల నుంచి తీసేయాలని సెనేటర్ కిర్‌స్టెన్ గిల్లిబ్రాండ్ పెట్టిన బిల్లుకు 2014లో సెనేట్‌లో 55 ఓట్లు వచ్చినా ముందుకు సాగాలంటే 60 కావాలి కాబట్టి ఆగిపోయింది. 2020లో టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరంలో వనెస్సా గియెన్ అనే సైనికురాలి హత్య జరిగాక, ఆమెను అంతకుముందు పై అధికారి ఒకడు లైంగికంగా వేధించాడని, తెలిసీ అధికారులు పట్టించుకోలేదని సైన్యం సొంత విచారణలోనే తేలాక గానీ కదలిక రాలేదు. 2021 డిసెంబర్‌లో చట్టం అయింది. ఆ ఏడేళ్లూ ఎంతమంది నోరు నొక్కుకుని ఉన్నారో అనుకుంటే మనసు కలుక్కుమంటుంది.

మొదటి పోస్ట్ పెట్టినవారు:
ఆవియానో సంగతి తప్పే, ఒప్పుకుంటాను. కానీ తీర్పు కొట్టేసే అధికారాన్ని ఆ కేసు తర్వాత చట్టంతోనే కుదించారుగా, అది చాలదా? ప్రాసిక్యూటర్లు కూడా యూనిఫాం వేసుకున్నవాళ్లేగా, వాళ్లకు మాత్రం ఒత్తిడి ఉండదా?

జవాబు:
చాలదండీ. తీర్పు దాకా వచ్చిన కేసుకే ఆ రక్షణ, అసలు కోర్టు గడప తొక్కని కేసు మాటేమిటి? ఇక ఒత్తిడి అంటారా, ఈ ప్రాసిక్యూటర్ల పెద్ద నేరుగా ఆ సైనిక విభాగాన్ని చూసే సివిలియన్ సెక్రటరీకే (యూనిఫాం లేని పౌర అధికారికే) జవాబుదారీ, మధ్యలో ఏ జనరలూ లేడు. చిన్నాచితకా తప్పులకు శిక్ష వేసే అధికారం ఇప్పటికీ కమాండర్‌దే, క్రమశిక్షణకు అది సరిపోతుంది. నా ఫిర్యాదల్లా దీన్ని సగంలో ఆపేశారని. 2025 నుంచి లైంగిక వేధింపులనూ చేర్చారు, మంచిదే, కానీ దోపిడీ, ఆయుధంతో దాడి లాంటివి ఇంకా కమాండర్ దగ్గరే ఉన్నాయి. కత్తిపోటు తిన్న సైనికుడి కేసును లాయర్ చదివి తేల్చకూడదా?